ఇళ్ళు చూసిన ఆదివారాలు

“ఆ ఇంటికి మెట్లుండి, మెట్లకి పట్టుకోటానికి కడ్డీ లేక, వానాకాలం పాచి పట్టి నీ కాలు జారితే అప్పుడేం చేస్తావయ్యా?”

జైనాబీ ఈ మాట అడిగేటప్పటికి ఆ ఇంటికి మెట్లున్నాయో లేదో ఆమెకి తెలియదు. ఇల్లెక్కడుందో తెలియదు. అసలు ఇల్లు మారాల్సినంత కష్టం ఏమొచ్చిందో అంతకన్నా తెలియదు. ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, “పదవే, ఇల్లు చూసొద్దాం” అన్నాడు మొగుడు హయాత్. అంతే. ముందూ లేదు, వెనకా లేదు.

“మెట్లు లేకపోతే?” అన్నాడు చెప్పులేసుకుంటూ.

“లేకపోతే వాన నీళ్ళు ఇంట్లోకొస్తయ్.”

నల్లపాడులో ఆ రెండు గదుల పెంకుటింట్లోకి వాళ్ళు కాపురానికొచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. కూతురు మెహర్ పాకింది ఆ వసారాలోనే, దాని పెళ్ళికి పందిరి వేసింది ఆ వాకిట్లోనే. ఓనరు ఏనాడూ ఖాళీ చెయ్యమన్నవాడు కాదు. ఏ మూల ఎలక బొక్కుందో, ఏ పెంకు కింద వాన కారుతుందో జైనాబీకి కంఠతా వచ్చు. తెలిసిన భయాలు తెలిసిన చుట్టాల్లాంటివి, వాటితో సర్దుకుపోవచ్చు. కొత్త ఇంట్లో ఏ భయం ఏ తలుపు చాటున నిలబడి ఉంటుందో ఎవరికెరుక?

హయాత్ గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తా. పొద్దున పోతే మసక చీకటికి వచ్చేవాడు. ఒంటి నిండా కారం దుమ్ము. వాకిట్లోనే చొక్కా విప్పించి, నాలుగు చెంబులు గుమ్మరించాక గానీ జైనాబీ గడప తొక్కనిచ్చేది కాదు. అయినా ఇల్లంతా తుమ్ములే. ఆదివారం సెలవు. ఆ సెలవు రోజు నులకమంచం మీద బోర్లా పడుకుని రేడియో వినే మనిషికి ఈ రెండువేల రెండో సంవత్సరంలో ఉన్నట్టుండి ఈ ఇళ్ళ పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఆమెకి అంతు చిక్కలేదు.

జైనాబీ గడప దాటని మనిషేం కాదు. చావులకి వెళ్తుంది, పురుళ్ళకి వెళ్తుంది, రేషన్ షాపుకి, ఆస్పత్రికి, ఎవరింట్లోనన్నా పెళ్ళయితే పప్పు ఏరటానికి వెళ్తుంది. సరదాకి మాత్రం వెళ్ళదు. మెహర్ చంకపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి బాపట్ల సముద్రం చూద్దామని బస్సెక్కారు. సగం దారిలో పిల్లకి ఒళ్ళు కాలిపోయి ఫిట్సొచ్చి కళ్ళు తేలేసింది. బతికి బట్టకట్టిందంటే అల్లా దయ. ఆ రోజు నుంచి ఆమె మనసులో ఒక లెక్క స్థిరపడిపోయింది. పని మీద పోయేవాణ్ణి దేవుడు కనిపెట్టుకుని ఉంటాడు. సరదాకి పోయేవాణ్ణి దిష్టి కనిపెట్టుకుని ఉంటుంది. కావలిలో కాపురముంటున్న మెహర్ ఇప్పటికీ ఎస్టీడీ చేసి, “ఒక నాలుగు రోజులుండి పోదురు రండమ్మా” అంటే, “నీ పురిటికొస్తాలే” అనేది తప్ప అడుగు కదిపేది కాదు.

ఇల్లు చూడటం మాత్రం పనే. అందుకని తలుపుకి తాళం వేసి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, మొగుడి వెనక బయల్దేరింది.

*

మొదటి ఇల్లు గుంటూరులోనే, మేడ మీద వాటా. మెట్లున్నాయి. కడ్డీ కూడా ఉంది. జైనాబీకి కాసేపు ఏం తోచలేదు. డాబా మీదికెక్కి చూస్తే కరెంటు తీగలు చెయ్యి చాస్తే అందేటట్టు పోతున్నాయి.

“గాలివానకి తీగ తెగి దండెం మీద పడిందనుకో. తడి చీర తీయబోయి నేను అట్టాగే అతుక్కుపోతా.”

“నిజమే” అన్నాడు హయాత్ వెంటనే. “ఇది మనకొద్దులే.”

ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన ఆమె మాటకి అంత తొందరగా తలూపింది లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒప్పించటానికే ఒక పూట పట్టేది. పైగా నీళ్ళు ఎప్పుడొస్తాయని అడగలేదు, వంటింట్లోకి తొంగి కూడా చూడలేదు. ఓనరుకి దణ్ణం పెట్టి, ఏదో బరువు దిగినట్టు హుషారుగా మెట్లు దిగాడు.

“ఎట్టాగూ బయటికొచ్చాం గదా. ఉప్పలపాడు ఇక్కడికి దగ్గరే. చెరువులో కొంగలుంటయ్యంట, చూసి పోదాం.”

జైనాబీ ఆలోచించింది. వచ్చింది పని మీద. పని మీద వచ్చినప్పుడు దారిలో కొంగలుంటే అది కొంగల తప్పు. సరేనంది. చెరువు మధ్య తుమ్మచెట్ల మీద తెల్లగా, కొమ్మలు కనపడనంతగా పక్షులు వాలి ఉన్నాయి. ఒక పెద్ద పక్షి నోరు తెరిస్తే దాని పిల్ల తలంతా ఆ నోట్లోకి దూర్చి తింటోంది.

“అయ్యో, మింగేస్తదేమోనయ్యా!”

“తల్లే, పిచ్చిదానా.”

“తల్లయితే మాత్రం? పొరపాటున గుటక పడితే?”

హయాత్ నవ్వీ నవ్వీ దగ్గాడు. ఆ దగ్గు జైనాబీ చెవిలో పడి, అక్కడే కూచుంది.

*

రెండు వారాల తర్వాత పిడుగురాళ్ళ అన్నాడు.

“పిడుగురాళ్ళా? యార్డు గుంటూర్లో, ఇల్లు పిడుగురాళ్ళలోనా? రోజూ రైల్లో పోయొస్తావా?”

“ముందు చూద్దాం పదవే. చూస్తే పోయేదేముంది?”

నల్లపాడు స్టేషన్లో పాసింజరు ఎక్కారు. దారి పొడుగునా పత్తి చేలు, కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. కిటికీ పక్కన కూచోమంటే ఆమె కూచోలేదు, ఎవరన్నా రాయి విసురుతారని. పిడుగురాళ్ళలో దిగితే చెట్ల ఆకుల మీద, గోడల మీద, నిలబడ్డ గేదె వీపు మీద కూడా సున్నం బట్టీల పొడి. హయాత్ ఒక వీధిలోకి తిరిగి, కాసేపు అటూ ఇటూ చూసి, వాకిట్లో మంచి నందివర్ధనం చెట్టున్న ఇంటి తలుపు కొట్టాడు. చెంచురామయ్య అనే పెద్దాయన పంచె సర్దుకుంటూ వచ్చాడు.

“ఇల్లు అద్దెకిస్తారంటేనూ...”

“ఎవరు చెప్పారండీ?” అన్నాడాయన. “మేముంటన్నాం గదా ఇంట్లో. ఇస్తే మేమెక్కడికి పోవాలి?”

ఇంకో మనిషయితే సిగ్గుతో చచ్చిపోయేవాడు. హయాత్ మాత్రం, “ఓహో, అట్టాగా” అని, మంచినీళ్ళు అడిగి తాగి, నందివర్ధనం పూలు బాగున్నాయన్నాడు. ఆయన భార్య జైనాబీ చేతిలో దోసెడు పూలు పెట్టింది. తిరుగు రైల్లో హయాత్ వేయించిన శనక్కాయలు కొని, ఒక్కొక్కటే వొలిచి పెళ్ళాం చేతిలో వేశాడు. జైనాబీ తింటోంది గానీ ఒక్క గింజకీ రుచి తెలియలేదు. లేని ఇంటిని చూడటానికి రైలెక్కి వచ్చే మనిషి మనసులో ఏముంది?

మర్నాడు పక్కింటి మదార్‌బీ చెవిన వేసింది. మదార్‌బీ పొయ్యి ఊదుతున్న గొట్టం పక్కన పెట్టింది.

“జైనక్కా, నే చెప్పాననుకోకు. మగాడు యాభై దగ్గరపడ్డాక ఇల్లు ఇల్లు అంటన్నాడంటే రెండో ఇల్లన్నా పెట్టుండాల, పెట్టబోతా అన్నా ఉండాల.”

“ఛీ, నోర్ముయ్. రెండో ఇల్లు పెట్టేవాడు మొదటిదాన్ని వెంటబెట్టుకుపోయి చూపిస్తాడంటే?”

“అదీ నిజమే” అని మదార్‌బీ ఒప్పుకుని, ఇంకాస్త ఆలోచించి, “అయితే యార్డులో పని పోయుంటది” అంది.

పని పోతే చొక్కాకి కారం ఎందుకంటుకుంటుంది? రోజూ తుమ్ములు తుమ్ముల్లాగే ఉన్నాయి. అప్పు చేశాడా అంటే వాకిట్లోకి ఎవరూ రాలేదు. ఒక్కో అనుమానం వచ్చి కూచోవటం, కాసేపటికి అది కుదరదని లేచిపోవటం. చివరికి ఒకటి మాత్రం లేవకుండా ఉండిపోయింది. దగ్గు. మిరప ఘాటు ఏళ్ళ తరబడి పీల్చిన గుండె. ఏ డాక్టరో చూసి, ఈ గుంటూరు గాలి నీకు పడదు, ఎక్కడికన్నా పో అని చెప్పుంటాడు. పెళ్ళాం అసలే పిరికిదని దాస్తున్నాడు. అందుకే ఊరూరూ తిరిగి ఇల్లు చూస్తున్నాడు. అందుకే ఏ మాటంటే ఆ మాటకి ‘నిజమే’ అంటున్నాడు. పోయేవాళ్ళే గదా అంత మెత్తగా మాట్లాడేది.

ఆ ఆలోచన వచ్చాక ఆమెకి అన్నం సహించలేదు. ఆయన నిద్రలో దగ్గితే లేచి కూచునేది. దగ్గకపోతే ఎందుకు దగ్గలేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. అడుగుదామంటే నోరు రాదు. ఆయన ‘అవును’ అంటే? ఆ తర్వాత మాటేమిటి?

*

ఎండలు ముదిరి యార్డుకి సెలవులిచ్చారు. ఇచ్చిన మర్నాడే హయాత్, “కొత్తపట్నంలో ఒక ఇల్లుందంట” అన్నాడు. “యార్డుకి కాయ తెచ్చే రైతు కోటేష్ చెప్పాడు. వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో ఒక వాటా ఖాళీగా ఉందంట.”

కొత్తపట్నం. ఒంగోలు అవతల. సముద్రం ఒడ్డు. అయితే నిజమే. గుండెజబ్బు వాళ్ళని సముద్రపు గాలికి పొమ్మంటారని ఆమె ఎక్కడో విని ఉంది.

ఈసారి ఆమె మెట్ల గురించి అడగలేదు. ఉప్పెన గురించి అడగలేదు. హయాతే రెండుసార్లు ఆగి ఆమె వంక చూశాడు.

“ఏంటే, ఏమీ అనవేంటి?”

“అనేదేముంది. పద.”

ఆమె అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఆ ఇల్లు ఎట్టా ఉన్నా సరే, బాగుందనాలి. ఊరికే అనటం కాదు, పాలు పొంగించాలి. కులమేదైనా మతమేదైనా, ఈ చుట్టుపక్కల ఒక ఇంట్లో పాలు పొంగించాక ఆ ఇంటిని కాదని వెళ్ళిపోయే ధైర్యం ఎవరికీ లేదు. ఆయనకి నిజంగా అవసరముంటే ఊపిరి పీల్చుకుంటాడు. లేదంటే నిజం బయటికొస్తుంది. అడగలేని మాటని పాలతో అడిగించవచ్చు.

గుంటూరులో బస్సెక్కి, ఒంగోల్లో దిగి, ఇంకో బస్సు పట్టుకుని మిట్టమధ్యాహ్నానికి చేరారు. కోటేష్ పెద్దమ్మ రాఘవమ్మ ఇల్లు ఊరి చివర, సరుగుడు తోపు పక్కన. ఆమె డెబ్బయ్యేళ్ళ మనిషి, నోరు పెద్దది.

“రా తల్లీ రా, ఎండన పడొచ్చారు. మా కోటేషు పంపిస్తే మనవాళ్ళే. ఆ వాటాలో మొన్నటిదాకా ఒక పంతులమ్మ ఉండేది. బదిలీ అయిపోయింది. అప్పట్నుంచి నాకు పోట్లాడటానికి మనిషి లేదు.”

వాటా ఒక గది, ఒక వంటిల్లు. కిటికీ తీస్తే సరుగుడు చెట్ల సందుల్లోంచి నీలంగా ఒక గీత. హోరు. గోడలకి ఉప్పు పెచ్చులు. కడ్డీల్లేని కిటికీ. వంటింట్లో తేలు పట్టేంత సందు. తప్పులు జైనాబీ నాలుక చివరిదాకా వచ్చి బారులు తీరాయి. అన్నింటినీ మింగేసింది.

హయాత్ ఇల్లు చూడనే లేదు. బావి దగ్గర మొహం కడుక్కుంటూ సముద్రం వంకే చూస్తున్నాడు.

జైనాబీ రాఘవమ్మ దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, “పెద్దమ్మా, ఒక గ్లాసుడు పాలు, ఒక గిన్నె, స్టవ్వు ఇస్తావా?” అంది.

“టీకా?”

“పొంగించటానికి.”

రాఘవమ్మ మొహం చాటంతయింది. ఇంకో మాట లేకుండా గేదె పాలు, ఇత్తడి గిన్నె, కిరసనాయిలు స్టవ్వు, చిటికెడు పసుపూ పట్టుకొచ్చింది. జైనాబీ బిస్మిల్లా అనుకుని స్టవ్వు వెలిగించింది. పాలు విరుగుతాయేమో. స్టవ్వు పేలుతుందేమో. పాలు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. అంచులు వణికి, నురగ లేచి, ఒక్కసారి భుస్సున పొంగి తూర్పు వైపు కారాయి.

మాడిన పాల వాసనకి హయాత్ తుండుతో మొహం తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

“ఏందిది?”

“పాలు.”

“పాలెందుకు?”

“పొంగటానికి.”

“తూర్పుకే పొంగినయ్ అబ్బాయ్!” అని వెనకనుంచి రాఘవమ్మ అరిచింది. “మీ ఆవిడ చెయ్యి మంచిది. ఇంక ఈ ఇల్లు మీదే!”

హయాత్ తుండు చేతిలోనే ఉండిపోయింది. పాలగిన్నె వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. ఊపిరి పీల్చుకున్న మనిషిలా లేడు. బస్సులో పర్సు కొట్టేయించుకున్న మనిషిలా ఉన్నాడు. జైనాబీకి ఇంకా అయోమయమయింది. ఇల్లు దొరికితే మొహం వాడిపోతుందేమిటి?

*

ఎండ వాలాక సముద్రం దగ్గరికి నడిచారు. జాలర్లు వలలు మడుచుకుంటున్నారు. తడి ఇసక దాకా వచ్చి జైనాబీ ఆగిపోయింది.

“నిజం చెప్పు. డాక్టరు ఏమన్నాడు?”

“ఏ డాక్టరు?”

“నీ గుండె చూసిన డాక్టరు. నాకు చెప్పకుండా ఎంత కాలం మోస్తావు? ఆ దగ్గేంది?”

హయాత్ నోరు తెరిచి ఆమెని చూశాడు. “మిరపకాయల కొట్లో పనిచేసేవాడు దగ్గక పాటలు పాడతాడా? రేపు పొద్దున్నే కావాలంటే ఆస్పత్రికి పోయి ఎక్స్‌రే ఫోటో తీయించుకుందాం పద.”

“మరి పని పోయిందా? మదార్‌బీ చెప్పినట్టు ఎవతన్నా ఉందా? ఓనరు పొమ్మన్నాడా?”

“అవేం లేవే.”

“ఏం లేకపోతే ఈ ఇళ్ళెందుకు? లేని ఇంటికి పిడుగురాళ్ళ తీసకపోయావ్. ఉన్న ఇంట్లో పాలు పొంగిస్తే చచ్చినోళ్ళింట్లో మొహం పెట్టావ్. నాకు మతి పోతంది మెహర్ నాయనా. మనకి ఇల్లు కావాలా, వద్దా?”

అల ఒకటి వచ్చి ఆయన చెప్పులు తడిపి పోయింది. ఇసకలో కాలిబొటనవేలితో గీతలు గీశాడు.

“వద్దు” అన్నాడు చివరికి. “నల్లపాడు ఇల్లు మనకి చాలు. చచ్చిందాకా అందులోనే ఉందాం.”

“మరి?”

“మరేముంది. సముద్రం చూద్దాం రావే అంటే వస్తావా నువ్వు? మెహర్ పెళ్ళయి పోయాక ఆ ఇంట్లో నువ్వొక మూల, నేనొక మూల. ఆదివారం వస్తే నాకు భయమేసేది. కొంగల్ని చూద్దాం రమ్మంటే పిచ్చా అంటావు. ఇల్లంటే గడప దాటతావు. అందుకని ఇల్లన్నా. నువ్వు ఎట్టాగూ ఏదో ఒక వంక పెడతావ్, ఏ ఇల్లూ తీసుకోవాల్సిన పన్లేదని ధైర్యంగా ఉన్నా. ఇవాళ కడ్డీల్లేని కిటికీ చూసి కూడా నోరెత్తలేదు నువ్వు. నా కొంప మునిగింది.”

జైనాబీ ఇసకలో కూచుండిపోయింది. ఏడవాలో, తిట్టాలో తెలియలేదు. బండెడు బరువు గుండె మీదనుంచి దిగిపోయింది. దిగిన చోట ఇంకో భయం లేచి నిలబడింది. అయితే ఇన్ని వారాలూ తను సరదాకే తిరిగిందన్నమాట. కొంగలు సరదా. రైలు సరదా. శనక్కాయలు సరదా. మరి ఏమీ కాలేదేం? ఎవరికీ ఫిట్స్ రాలేదు, ఏ కొంపా కూలలేదు. సరదా అని తనకి తెలియలేదు కాబట్టి దిష్టికి కూడా తెలియలేదా? ఇప్పుడు తెలిసింది గదా, ఇప్పుడు తగులుతుందా? లేక మొదట్నుంచీ అట్టాంటి లెక్కే లేదా? లేకపోతే ఇరవయ్యేళ్ళుగా తను ఎవరికి లెక్క చెప్పినట్టు?

ఎంత ఆలోచించినా ఒక కొస దొరకలేదు. ఈలోగా ఒక అల ఆమె అడగకుండానే వచ్చి పాదాల మీదికెక్కి, చీర అంచు తడిపి, కాళ్ళ కింద ఇసకని మెల్లగా లాక్కుపోయింది. ఆమె కాళ్ళు ముడుచుకోలేదు.

హయాత్ పక్కన కూచున్నాడు. “రాఘవమ్మకి ఏదో ఒకటి చెప్పి ఒప్పిస్తాలే. పాలు పొంగాక వదిలేశామని నువ్వు దిగులు పెట్టుకోబాక.” ఆ తర్వాత ఇంకా చిన్న గొంతుతో అడిగాడు. “నిజం చెప్పేశా. వచ్చే ఆదివారం ఇంక నిన్నేమని చెప్పి తీసకపోవాల?”

జాలర్లు వలలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. పడవ మీద కూచున్న కాకి లేచిపోయింది. సరుగుడు తోపు నీడ సాగి వాళ్ళ దాకా వచ్చింది. ఒంగోలు బస్సు హారన్ కొట్టటం ఊళ్ళోంచి వినపడింది. హయాత్ లేచి, ఇసక దులుపుకుని, జవాబు రాదులే అనుకుని చెయ్యి అందించాడు.

జైనాబీ ఆ చెయ్యి పట్టుకుని లేచింది. తడిసిన అంచు పిండుకుంది. సముద్రం వంక చూడకుండా, రాఘవమ్మ ఇంటి వైపు చూస్తూ అంది:

“పాలు పొంగించిన ఇంటిని పాడుపెట్టకూడదు. రాఘవమ్మతో నేను మాట్లాడతా. వారం వారం వచ్చి ఊడ్చిపోవద్దూ? చీపురు మాత్రం కొత్తది కొనాల, పాతది తేకూడదు.”